నేను పాయింటు పెట్టిన ఒకే ఒక్క బోరు

2004 ఏప్రిల్ 18, ఆదివారం. స్థలం: రొద్దం దగ్గర మా ఊరు, మా మల్బరీ తోట. ఉన్నవారు: నాయన, అన్న, వదిన, నా భార్య, ధర్మవరం నుంచి వచ్చిన అక్క, బోరు బండి మేస్త్రీ, ఆయన మనుషులు నలుగురు, టెంకాయ మామ, ఊరివాళ్లు ఇరవై మంది దాకా, నేను. బండి వచ్చినది ఉదయం ఎనిమిదిన్నరకు.

ఆనాటి నా డైరీ పేజీ ఇట్లా మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలో పట్టుకున్న అలవాటు ఇది. పెళ్లయినా, చావయినా, పొలం గట్టు తగాదా అయినా ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో, ఆ తర్వాతే ఏమి జరిగిందో రాస్తాను. నా భార్య దీన్ని హాజరుపట్టీ అని ఎగతాళి చేస్తుంది గానీ, ఏ బంధువు ఏ పెళ్లికి రాలేదో గుర్తు చేసుకోవలసి వచ్చినప్పుడు ఆమె కూడా నా అల్మారా దగ్గరికే వస్తుంది.

ఈ పేజీని మళ్లీ తీయడానికి కారణం మొన్న పెనుకొండలో మా వీధి చివర జరిగిన ఒక చిన్న సంగతి. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే ఒకాయన అక్కడ కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. బోరు వేయించడానికి ముందు ఎవరినో పిలిపించి సర్వే చేయించాడు. వచ్చిన మనిషి నేలలో నాలుగు ఇనుప కడ్డీలు గుచ్చి, వాటికి తీగలు తగిలించి, పెట్టెలో అంకెలు చూసి, సున్నంతో ఒక గుర్తు వేసి వెళ్లిపోయాడు. ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, ఇంటాయన అత్తగారు ఆటోలోంచి ఇంకొక మనిషిని దించింది. ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని స్థలమంతా తిరిగాడు. రెండూ ఒకే చోట చూపించాయా అని నేను అడిగితే, ఆరడుగులు తేడా వచ్చింది సార్, మధ్యలో వేయిస్తాం అన్నాడు ఇంటాయన. నేను నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. వచ్చాక ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అల్మారాలోంచి 2004 డైరీ తీసి, మధ్యాహ్నం భోజనం వేళ దాకా చదువుతూ కూర్చున్నాను.

నేను ఒమాన్ దేశం వెళ్లినది 1990 జనవరిలో. అంతకుముందు హిందూపురం చుట్టుపక్కల ఊళ్లలో చేతిపంపులు మరమ్మతు చేస్తూ ఉండేవాణ్ని. సైకిలుకు వెనుక పానాల సంచీ, ముందు హ్యాండిలుకు టిఫిను గిన్నె, రోజుకు రెండు మూడు ఊళ్లు. ఆ పని తెలిసినవాళ్లకు బోరు పనిలో చోటుందని ఎవరో చెబితే, బొంబాయిలో ఒక ఏజెంటు ద్వారా వెళ్లాను. రైలు ధర్మవరంలోనే ఎక్కాను, ఎందుకంటే అక్క ఇల్లు అక్కడే. అక్కా వాళ్లది మగ్గం ఇల్లు. ఆ రోజు బావ మగ్గం గుంతలోంచి లేచి, నేసే చీర అంచు సగంలో వదిలిపెట్టి, నాతో స్టేషను దాకా నడిచి వచ్చాడు. అక్క శెనక్కాయల పొడి, ఓళిగలు అనే మా వైపు బొబ్బట్లు పాత పట్టుగుడ్డలో మూటకట్టి ఇచ్చింది. ఆ మూటలో ఓళిగలు గుంతకల్లు దాటకముందే అయిపోయాయి. పొడి మాత్రం ఎడారిలో నాలుగు నెలలు వచ్చింది. మీలో ఆ రోజుల్లో గల్ఫుకు పోయినవారికి చెప్పనక్కరలేదు, మొదటి ఏడాది మనిషిని నిలబెట్టేది జీతం కాదు, ఇట్లాంటి పొడి డబ్బాలే.

అక్కడ మా పని ఊళ్లకు దూరంగా, రాళ్ల మైదానాల్లో, ఎండిన వాగుల పక్కన. ఆ వాగులను వాళ్లు వాదీ అంటారు. నాలుగైదు రేకుల గదులు, ఒక వంట గది, ఒక నీళ్ల ట్యాంకరు, ఒక పెద్ద బోరు బండి, ఇదే మా క్యాంపు. మొదట నేను హెల్పరును. పైపులు బిగించడం, బురద కలపడం, గ్రీజు రాయడం. రెండో ఏడు లాగ్ పుస్తకం రాసే మలయాళీ సెలవులో పోతే, ఆ పని కొన్నాళ్లు చూడమని నాకు అప్పజెప్పారు. లాగ్ పుస్తకమంటే, బోరు ప్రతి మూడు మీటర్లు దిగినప్పుడల్లా పైకి వచ్చిన రాతిపొడిని గుప్పెడు తీసి, కడిగి, వరుసగా కుప్పలు పెట్టి, దాని రంగు, గరుకుదనం, ఆ మూడు మీటర్లకు పట్టిన నిమిషాలు రాసిపెట్టడం. నాకు అది కొత్త పనిగా అనిపించనే లేదు. డైరీ రాసేవాడికి ఇంకో డైరీ దొరికినట్టు అయింది. మలయాళీ సెలవు ముగించుకొని వచ్చాక కూడా ఆ పుస్తకం నా దగ్గరే ఉంచారు. ఆ తర్వాత డ్రిల్లరునయ్యాను, చివరి అయిదేళ్లు క్యాంపు ఇన్‌చార్జిని కూడా అయ్యాను. హిందూపురం సైకిలు రోజులను తలుచుకుంటే అది చిన్న ఎదుగుదల కాదు.

అయితే ఒక సంగతి ఇక్కడే స్పష్టంగా రాయాలి. ఎక్కడ తవ్వాలో చెప్పేది నేను కాదు. అందుకు సూడాన్ దేశపు ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. జీపులో వచ్చి, రెండు మూడు రోజులు ఒంటరిగా తిరిగి, సుత్తితో రాళ్లు పగలగొట్టి చూసి, కాగితాల మీద గీతలు గీసుకుని, చివరికి ఒకచోట ఎర్రరంగు వేసిన మేకు కొట్టి వెళ్లిపోయేవాడు. ఆ మేకు మీద బండి నిలబెట్టడం దగ్గర మా పని మొదలయ్యేది. పద్నాలుగేళ్లలో నేను దగ్గరుండి తవ్వించిన బోర్లు చాలా ఉన్నాయి. మేకు కొట్టిన బోరు ఒక్కటి కూడా లేదు.

ఇది ఇంటికి రాసిన ఉత్తరాల్లో నేను ఎప్పుడూ రాయలేదు. రాయకూడదని అనుకోలేదు, రాయవలసిన అవసరమే కనిపించలేదు. ఇంతలో ఒక ఫోటో పంపాను. బోరులోంచి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు ఎగజిమ్ముతుంటే, దాని ముందు తడిసిన బట్టలతో, నడుం మీద చేతులు పెట్టుకుని నేను నిలబడి ఉన్న ఫోటో అది. దాన్ని అన్న జేబులో పెట్టుకుని తిరిగేవాడు. పట్టుగూళ్లు అమ్మడానికి హిందూపురం వెళితే అక్కడ, రొద్దం సంతలో, మా ఊరి బస్టాపు దగ్గర టీ హోటల్లో, కనిపించిన ప్రతివాడికీ తీసి చూపించేవాడు. మావోడు యాడ కాలు పెడితే ఆడ నీళ్లు ఎగజిమ్ముతాయప్పా అనేవాడట. హోటలు ముందు కూర్చునే ముసలివాళ్లకు ఆ మాట కంఠతా వచ్చిందని వదిన చెప్పేది.

1996లో సెలవు మీద వచ్చినప్పుడు, దిగిన మూడోరోజు పొద్దున్నే రామగిరి వైపు నుంచి ఇద్దరు రైతులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు, పాయింటు పెట్టాలని, అంటే బోరు ఎక్కడ వేయాలో చూపించాలని. నేను పెట్టను, నాకు రాదు అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అన్న పక్కనే నిలబడి ఉన్నాడు, ముఖం వెలిగిపోతూ. నేను అన్నాను: యంత్రం ఆడనే ఉండాది, అది లేకుండా చెప్పలేనప్పా. వాళ్లు మర్యాదగా కాఫీ తాగి వెళ్లారు. 1999లో వచ్చినప్పుడు వేరేవాళ్లు వచ్చి, యంత్రం ఈసారైనా తెచ్చినావా అని అడిగారు. ఆ ఒక్క నిమిషం నాకు ప్రతి సెలవులోనూ దొరికింది, ప్రతిసారీ నేనే పోగొట్టుకున్నాను.

2003 డిసెంబరులో పని ముగించుకుని శాశ్వతంగా వచ్చేశాను. వచ్చేటప్పుడు సూడాన్ ఇంజనీరు తన పాత సుత్తి, ఒక దిక్సూచి నాకు గుర్తుగా ఇచ్చాడు. మంచి మనసుతో ఇచ్చిన వస్తువులే నన్ను ముంచాయి. పెట్టె విప్పుతుండగా దిక్సూచి చూసి నాయన కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ముల్లు కదులుతాండాదే అన్నాడు. యంత్రం వచ్చిందని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

ఆ ఏడు మా వైపు ఎట్లా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. వరసగా వానలు మొహం చాటేసిన రోజులు. మా తోటలో రెండెకరాల మల్బరీ ఉండేది. నేను ఒమాన్ పోయేనాటికి అది శెనక్కాయ వేసే ఎర్రచేను. అన్న ఒక్కడే దాన్ని మల్బరీ తోట చేశాడు, పురుగుల షెడ్డు కట్టాడు, వదినతో కలిసి సంవత్సరానికి నాలుగైదు పంటల పట్టుగూళ్లు తీశాడు. ఆ మార్చికి పాత బోరు దగ్గడం మొదలుపెట్టింది. గంట నీళ్లు, రెండు గంటల గాలి. ఏప్రిల్ రెండో వారంలో అదీ నిలిచిపోయింది. షెడ్డులో ఆ సమయానికి పురుగులు రెండో జ్వరంలోంచి లేచాయి. పురుగు పొర విడవడానికి ముందు తిండి మానేసి నిద్రపోతుంది, దాన్నే మా వైపు జ్వరం అంటారు. లేచిన తర్వాత దాని ఆకలి ఆకలి కాదు. ఇంకా పదిహేను రోజులకు పైగా ఆకు కావాలి, తోటలో ఉన్న ఆకు వారానికి కూడా రాదు. ఈ పంట పోతే పోయింది, అసలు మొక్కలే ఎండితే సేద్యం చాలించి బెంగుళూరులో వాచ్‌మన్ పనికి పోతానని అన్న వదినతో చెప్పాడు. మా వీధిలో అప్పటికే ఆరుగురు అట్లా పోయారు. యాభై మూడేళ్ల అన్న ఒక అపార్టుమెంటు గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే దృశ్యం నా కళ్లముందు నుంచి కదిలేది కాదు.

కాబట్టి కొత్త బోరు. మా ఊళ్లో అంతవరకు పడిన బోర్లన్నిటికీ పాయింట్లు పెట్టింది టెంకాయ మామే. మాకు వరసకు మామ, అమ్మకు దూరపు తమ్ముడు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, తలపాగాతో. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి నడిస్తే, నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందని నమ్మకం. ఈసారి అన్న ఆయన్ని పిలవలేదు. ఇంట్లో ఇంజనీరును పెట్టుకుని టెంకాయ ఎందుకు అన్నాడు. నేను ఏ ఇంజనీరును? నా భార్యకు మాత్రం అసలు సంగతి తెలుసు. బండి రావడానికి నాలుగు రోజుల ముందు ఆమె, మీ అన్నకు ఇప్పుడన్నా చెప్పండి, నోట్లో ముత్యాలేమీ రాలిపోవు అంది. చెబుతానన్నాను. తోటకు పోయాను. అన్న గడ్డపార భుజాన పెట్టుకుని, యాడ గుర్తు పెట్టమంటావో చెప్పురా అని చిన్నపిల్లవాడిలా నా వెనక నడుస్తుంటే, నోరు రాలేదు.

అప్పుడు నాకు నేను ఒక మాట చెప్పుకున్నాను. పద్నాలుగేళ్లు ఆ ఇంజనీరు పని చూశాను కదా, ఎక్కడ మేకు కొట్టేవాడో రాసుకున్నాను కదా, చూసి నేర్చుకోలేనా అని. మూడు రోజులు తోటంతా కొలిచాను. పాత డైరీలు ముందేసుకున్నాను. ఆయన మేకులు ఎక్కువగా పడేది వాదీ ఒంపు తిరిగే చోట, లోతైన ఇసుక, గులకరాళ్లు పేరుకున్న చోట. మా తోట దిగువన కూడా వంక ఒకటి ఒంపు తిరుగుతుంది, అక్కడ కాలు పెడితే మోకాలి దాకా దిగే ఇసుక ఉంది. చూసిన కొద్దీ అది నాకు అచ్చం వాదీలాగే కనిపించింది. అక్కడే మేకు కొట్టాను, ఎర్రరంగు కూడా వేశాను.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అక్కడ ఇసుక వందల అడుగుల లోతుకు పోతుంది, దాని కడుపులో నీళ్లుంటాయి. ఇక్కడ ఆ ఇసుక వంక తెచ్చి పరిచిన దుప్పటి, ముప్పై అడుగులు దాటితే కొండరాయి. హిందూపురం చుట్టూ చేతిపంపులు బాగుచేస్తూ తిరిగిన రోజుల్లో ఇది నాకు తెలుసు. ఊరికి దూరమైన పద్నాలుగేళ్లలో ఎప్పుడు మరిచిపోయానో తెలియదు. సొంత నేలను పరాయి నేల కళ్లతో చూశాను.

మేకు కొడుతుండగా టెంకాయ మామ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వంక గట్టున నిలబడి, ఏమల్లుడా, ఒంటెలు తిరిగే ఇసుక అనుకుంటివా ఇది అన్నాడు. నాకు తగలవలసిన చోటే తగిలింది. దానితో ఇంకా బిగుసుకుపోయి, ఇది సైన్సు మామా, నీకు అర్థం కాదులే అన్నాను. ఆయన నవ్వి, కానీ కానీ, నా టెంకాయకు ఇంగ్లీషు రాదులేప్పా అని, తోట ఎగువ మూల నల్లరాళ్ల వరస దాకా పోయి, కాసేపు అక్కడ నేల చూసి, ఇంటికి పోయాడు.

ఆదివారం బండి వచ్చింది. నిమ్మకాయ, కర్పూరం, అక్క చేతి టెంకాయ. నాయనకు అప్పటికి ఎనభై; కుర్చీ వేయించుకుని వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. మేస్త్రీ తమిళాయన, నన్ను చూసి, సార్ ఫారిన్ డ్రిల్లరా అని నమస్కారం పెట్టాడు. నేను అలవాటు ప్రకారం పదడుగులకు ఒకసారి పొడి తీసి, కడిగి, కుప్పలు వరస పెట్టసాగాను. ఊరివాళ్లు ఆ కుప్పల చుట్టూ చేరి గౌరవంగా చూశారు. మొదటి రెండు కుప్పలు ఇసుకవి, మూడోది పచ్చటి సుద్దది, నాలుగో దానితోనే రాయి మొదలైంది. బూడిదరంగు, గట్టిగా. రెండొందల పదడుగుల దగ్గర పొడి కొంచెం తడిగా వచ్చింది. అక్క రెండు చేతులూ జోడించింది, అన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని గుంత అంచుకు పోయాడు. తర్వాతి కుప్ప మళ్లీ పొడిగా వచ్చింది. మూడొందలు. మూడొందల యాభై. లేస్తున్న దుమ్ము అందరి మీదా తెల్లగా దిగింది. నాలుగొందల దగ్గర ఎవరో లేచి ఇంటికి పోయారు, వాళ్ల వెనక ఇంకొందరు. నాలుగొందల యాభై దగ్గర మేస్త్రీ ఇంజను వేగం తగ్గించి, సార్, వెరీ డ్రై, ఇంకా పోవల్లనా అని నన్ను అడిగాడు. నేను అన్న వైపు చూశాను. అన్న గట్టు మీద గొంతుకూర్చుని ఉన్నాడు. కనుబొమలు, మీసాలు, చెవుల మీద వెంట్రుకలు రాతిపొడితో తెల్లబడి ఉన్నాయి. మా అన్న ముసలివాడయ్యాడని నాకు ఆ క్షణంలో తెలిసింది. చాలించమన్నాను. అప్పుడు సాయంత్రం నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ.

మేస్త్రీ బండి సర్దుకుని పోయాడు. తర్వాత అన్న లేచి, దూరంగా గట్టు మీద నిలబడిన టెంకాయ మామ వైపు తిరిగాడు. నిన్నెవరు రమ్మన్నారు ఈడికి, మేకు కొట్టేనాడూ వస్తివి, ఈ పొద్దూ వస్తివి, నీ కండ్లు పడబట్టే నీళ్లు ఎగిరిపోయినాయి అని అరిచాడు. ఊరివాళ్లు ఒక్కసారిగా తేలికపడినట్టు కనిపించారు. అవునవును, కడుపుమంటతో వచ్చినాడు అన్నారొకరు. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. బోరు పడితే పేరు దేవుడిది, పడకపోతే తిట్లు పాయింటు పెట్టినవాడివి. నెలా రెండు నెలలు ఆయన్ని తిట్టుకుని, గుండె చల్లబడ్డాక, మళ్లీ ఆయన్నే పిలుస్తారు. ఆ రోజు పాయింటు పెట్టినవాణ్ని నేను. తిట్లు మాత్రం అలవాటైన మనిషిని వెతుక్కుంటూ పోయాయి. మామ తువ్వాలు దులుపుకుని, భుజాన వేసుకుని, మెల్లగా వెళ్లిపోయాడు. నేను రాతిపొడి కుప్పల దగ్గర నిలబడి ఉన్నాను. వాటి వరస సరిచేస్తూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక అన్న నా భుజం మీద చెయ్యి వేసి, నీ లెక్కలో తప్పు లేదురా, ఇంకో చోటు చూసి పెట్టు, బేస్తవారం మళ్లీ రమ్మని మేస్త్రీకి చెప్పినా అన్నాడు. డైరీలో ఆ తేదీ, పేర్ల కింద నేను రాసినది నాలుగు మాటలే: నాలుగొందల యాభై. నీళ్లు లేవు. ఎందుకు పడలేదో రాయడానికి ఒక గీత ఖాళీ వదిలాను. ఇప్పటికీ అది ఖాళీగానే ఉంది.

తర్వాతి ఏళ్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ దానికి చోటుండదు. రెండో బోరు పడలేదు, అంటే వేయలేదు. ఆ మల్బరీ ఎండిపోయింది. అన్న బెంగుళూరు పోలేదు, ఎండిన మొక్కలు పీకించి, మళ్లీ వాన మీద ఆధారపడే శెనక్కాయ సేద్యానికి దిగాడు, చివరిదాకా అదే చేశాడు. నేను హిందూపురంలో ఒక మిల్లులో స్టోర్సు చూసి, రిటైరై, పెనుకొండలో ఇల్లు కట్టుకున్నాను. నాయన, మామ, తర్వాత అన్న, ఒకరి వెనక ఒకరు పోయారు. ఎగువ మూల నల్లరాళ్ల దగ్గర ఎవరూ ఎప్పుడూ తవ్వి చూడలేదు. ఇప్పుడు పాయింటు పెట్టేవాళ్లకు కార్డులున్నాయి, ఫోన్లున్నాయి. నీళ్లు పడకపోతే ఇంటాయన పెట్టెను తిట్టాలో తీగలను తిట్టాలో తెలియక, తనలో తానే మింగుకుని, పక్క వీధిలో ఇంకొక నంబరుకు ఫోను చేస్తాడు. మనుషులు ఒకరినొకరు తిట్టుకుని, మళ్లీ పిలుచుకునే దారి ఒకటి ఉండేది. అది పోయిందని చెబితే మా పిల్లలు మంచిదే కదా అంటారు. కావచ్చు.

ఇక బోరు వేసిన మరునాటి ఉదయం, సోమవారం. ఆరు గంటలకు లేచి టెంకాయ మామ ఇంటికి పోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని టెంకాయ కొట్టి, కొబ్బరి తురుముతున్నాడు, చట్నీకి. నన్ను చూసి ఒక ముక్క చేతిలో పెట్టాడు. నిన్న నా తప్పును నీ నెత్తిన వేసుకున్నావు మామా అన్నాను. ఎగువ మూలలో అయితే పడేదా అని కూడా అడిగాను. ఆడ పడేదని నేనెట్ల చెప్తానప్పా, పడినాక అందరూ చెప్తారు అన్నాడు. అన్నకు నిజం చెప్పేస్తానంటే మాత్రం, ఆయన తురుమడం ఆపి నా వైపు చూశాడు.

“ఊరికే ఉండల్లుడా. నన్ను తిడితే ఏరువాక నాటికి మరిచిపోతారు. నిన్ను తిట్టబట్టితే మీ ఇంట్లో పొయ్యిలు రెండవుతాయి.”

ఆ మాట పట్టుకుని వెనక్కి వచ్చేసి ఉంటే బాగుండేదేమో నాకు తెలియదు. కానీ మూడు రోజుల్లో, బేస్తవారం, బండి మళ్లీ వస్తుంది. నేను ఇంకొక మేకు కొట్టాలి, అన్న దాన్ని నమ్మాలి. నేరుగా షెడ్డుకు పోయాను. అన్న తట్టల్లో ఆకు వేస్తున్నాడు. పురుగులు ఆకు తినే చప్పుడు చిన్న వానలా వినిపిస్తోంది. వదిన పక్కనే ఆకు తరుగుతోంది. నేను నిలబడే చెప్పాను. ఇసుక చూసి మోసపోయానని, నాకు పాయింటు పెట్టడం రాదని, అక్కడ కూడా ఒక్కటీ పెట్టలేదని, బేస్తవారం బండి వద్దని.

అన్న చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

“మరి ఆ ఫోటో?”

ఆ మేకు వేరే ఆయన కొట్టాడన్నా, నేను ముందు నిలబడినానంతే అన్నాను.

అన్న ఆ ఆకును జాగ్రత్తగా పురుగుల మీద పరిచాడు. ఇంకొక గుప్పెడు తీసుకున్నాడు, అదీ పరిచాడు. కోపం వస్తుందని నేను సిద్ధపడి ఉన్నాను. రాలేదు.

“పద్నాలుగేండ్లు ఊరంతా చెప్పుకుంటి గదరా. ఆ మాటలన్నీ ఇప్పుడు యాడ పెట్టుకోవల్ల?” అన్నాడు.

 వదిన కత్తి పక్కన పెట్టి, మాటలు మళ్ల పెట్టుకుందురు గానీ, ముందు ఈ నోరులేని జీవాలకు దోవ చూడండి అంది. ఆమె పుట్టింటివాళ్లకు పెనుకొండ దగ్గర బోరులో నీళ్లున్నాయి, ఆకు ఉంది. పురుగులను వాళ్లకు ఇచ్చేద్దామంది. చచ్చిపోయేదాని కన్నా ఎవరింట్లోనో గూడు కట్టుకోనీ అంది. ఎనిమిదిన్నర బస్సుకు పంపాలి. తట్టలకు తడిగుడ్డలు కప్పాము. అన్న రెండు తట్టలు నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు, నేను రెండు పెట్టుకుని వెనక. వదిన, నా భార్య మిగతావి తెచ్చారు.

బస్టాపు దగ్గర టీ హోటలు ముందు ముసలివాళ్లు అప్పటికే కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన, తెలిసీ అడిగాడో తెలియకే అడిగాడో, ఏమప్పా, తమ్ముడు పెట్టిన చోట నీళ్లు పడినాయా అని కేకేశాడు. ఆ హోటలు ముందు ఆగి, నా పేరెత్తి, అరగంట నన్ను పొగడకుండా అన్న పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పోయి ఎరగడు. ఆ పూట మాత్రం, లేదప్పా అని ఒక్క మాట అని, తట్టలు ఒలకకుండా మెడ నిటారుగా పెట్టుకుని, దాటి పోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నా గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు, మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు.